అందానికో తలుపు.. ఆపదకో తలుపు

బొబ్బిలి: కొత్తగా దుకాణం కట్టే వ్యాపారి తలుపుల విషయంలో ముందుగా ఆలోచించేది రెండింటి గురించే. పగలు గిరాకీని ఆకట్టుకోవాలి, రాత్రి దొంగను అడ్డుకోవాలి. అందుకే ముందు అద్దాల తలుపు, దాని వెలుపల ఇనుప షట్టరు. లోపల నిప్పు పుడితే జనం ఎటు పోవాలన్న మూడో ప్రశ్న మాత్రం చాలాచోట్ల మేస్త్రీ దాకా గానీ, వడ్రంగి దాకా గానీ రావడం లేదు. దొంగను ఆపే తలుపూ, ప్రాణం కాపాడే తలుపూ ఒక్కటే కావాలని కోరుకోవడంలోనే అసలు చిక్కు ఉంది.

2022 ఏప్రిల్‌లో రెవెన్యూ డివిజన్ కేంద్రమైన బొబ్బిలికి బాడంగి, తెర్లాం, రామభద్రపురం మండలాల నుంచి కొనుగోళ్లకు వచ్చేవారు తక్కువేమీ కాదు. మాఘ, శ్రావణ ముహూర్తాలకు ముందు ఇలాంటి పట్టణాల్లోని వస్త్ర దుకాణాల్లో అడుగు పెట్టే చోటుండదు. ఈ భవనాలు ఎక్కువగా రెండు, మూడు అంతస్తులవి. రాష్ట్ర అగ్నిమాపక సేవల చట్టం (1999) ప్రకారం వాణిజ్య భవనం ఎత్తు 15 మీటర్లు దాటితేనే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం తప్పనిసరి. కల్యాణ మండపాలు, సినిమాహాళ్లు, పాఠశాలల వంటి జనం గుమిగూడే కట్టడాలకైతే 500 చదరపు మీటర్ల స్థలం లేదా 6 మీటర్ల ఎత్తు నుంచే ఈ నిబంధన వర్తిస్తుంది. అంటే కింద దుకాణం, పైన గోదాము, ఆపైన యజమాని కాపురం ఉండే మామూలు భవనం చాలావరకు ఈ వల కంతల్లోంచి జారిపోతుంది. అక్కడ ఏ తలుపు పెట్టాలన్నది యజమాని విచక్షణకే మిగులుతోంది.

ఎత్తు తక్కువైనంత మాత్రాన ప్రమాదం తక్కువని చెప్పలేం. 2025 మే 18 తెల్లవారాక హైదరాబాద్ పాతబస్తీ గుల్జార్ హౌజ్‌లో 17 మంది ప్రాణాలు తీసిన భవనం ఆకాశహర్మ్యం కాదు. కింద నగల దుకాణాలు, పైన కుటుంబాలు ఉండే పాత కట్టడం అది. లోపలికైనా, బయటికైనా ఉన్న ఇరుకు దారి ఒక్కటే కావడం ప్రాణనష్టాన్ని పెంచిందని అధికారులు అప్పట్లో తెలిపారు.

తెరుచుకునే తీరే కీలకం

తలుపు దేనితో చేశారన్నదానికంటే ముందు అది ఎటు తెరుచుకుంటుందో చూడాలి. 1883 జూన్ 16న ఇంగ్లండులోని సండర్లాండ్ పట్టణంలో విక్టోరియా హాలు ప్రదర్శనకు వచ్చిన 183 మంది పిల్లలు మెట్ల చివరి తలుపు వద్ద నలిగి చనిపోయారు. అక్కడ నిప్పు లేదు, పొగ లేదు. తలుపు లోపలికి తెరుచుకునేది. పైగా ఒక్కొక్కరే దూరేంత సందు వదిలి బోల్టు వేశారు. వెనుకనుంచి తోసుకొచ్చే జనం బరువు మీద పడ్డాక లోపలికి తెరుచుకునే రెక్కను లాగడం ఎవరి తరమూ కాదు. ఆ ఘోరం తర్వాతే, ఒంటితో నెడితే చాలు ఊడిపోయే అడ్డకడ్డీ గడియకు ఇంగ్లండులో 1892లో పేటెంటు వచ్చింది. నేడు ‘పానిక్ బార్’ పేరుతో మాల్స్‌లో కనిపించేది దాని వారసత్వమే. మన దేశంలో 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో 59 మంది మరణించారు. కింద ట్రాన్స్‌ఫార్మర్ వద్ద పుట్టిన పొగ బాల్కనీని కమ్మింది. అదనపు సీట్ల కోసం అక్కడి ఒక ద్వారాన్ని అంతకుముందే మూసేశారు. మూసిన ద్వారం టేకుదైతేనేం, ఉక్కుదైతేనేం?

జాతీయ భవన నిర్మాణ స్మృతి ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. అత్యవసర ద్వారం బయటి వైపుకే తెరుచుకోవాలి. లోపలున్నవారు తాళంచెవి అవసరం లేకుండా తెరవగలగాలి. వెడల్పు మీటరుకు, ఎత్తు 2 మీటర్లకు తగ్గరాదు. జనం గుమిగూడే భవనాల్లో వెడల్పు 2 మీటర్లుండాలి. పైకి చుట్టుకునే, పక్కకు జరిగే తలుపులు ఇందుకు పనికిరావు. ఈ ఒక్క వాక్యంతోనే, షట్టరును నమ్ముకున్న దుకాణాల ధీమా పోతుంది. విద్యుత్తుతో నడిచే షట్టరైతే మరీ ఇబ్బంది. నిప్పంటుకోగానే ముందు పోయేది కరెంటే.

ఏ సరుకు ఎక్కడ?

వీణకు పనస చెక్కే ఎందుకు కావాలో తెలిసిన ఊరు ఇది. చెక్క గుణం బొబ్బిలివారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. మంచి టేకు రెక్క మంటల్లో చాలామంది అనుకున్నంత త్వరగా బూడిద కాదు. గట్టి చెక్క నిమిషానికి సుమారు అర మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు వరకు బొగ్గవుతూ పోతుంది. కాకపోతే వానాకాలంలో ఉబ్బి ద్వారబంధానికి పట్టేస్తుంది, చెదలు పట్టే బెడదా ఉంది. రోజుకు వందలమంది నెట్టే చోట మడతబందులు వదులై రెక్క వాలిపోతుంది. చౌకగా దొరికే బోలు ఫ్లష్ తలుపుల సంగతి వేరు. పైపొర కొద్ది నిమిషాల్లో కాలితే లోపల నిలిచేదేమీ ఉండదు. స్నానాల గదికి పెట్టే పీవీసీ తలుపును మెట్ల దారిలో బిగించడం మరీ అనుచితం. నీటికి చెక్కుచెదరని ఆ తలుపు మంటకు మెత్తబడి, ఊపిరాడనివ్వని ఆమ్లపు పొగను వదులుతుంది.

ముఖద్వారానికి 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు తప్పేమీ కాదు. పగిలినా పెద్ద పెంకులు కాకుండా చిన్న ముక్కలుగా రాలుతుంది. గాజుందని తెలిసేలా కంటి ఎత్తులో ఓ పట్టీ అతికించాలి, అంతే. మంటను మాత్రం అది ఆపలేదు. అల్యూమినియం చట్రమూ అంతే. సుమారు 660 డిగ్రీల సెల్సియస్‌కు ఆ లోహం కరిగిపోతుంది, భవనంలో చెలరేగిన మంట ఆ వేడిని దాటడం అరుదు కాదు.

మెట్ల దారికి, వెనుక ద్వారానికి తగినది జింకు పూత పూసిన ఉక్కు రేకుతో, లోపల మంట తట్టుకునే పదార్థం నింపి చేసిన అగ్నినిరోధక తలుపు. కొనేటప్పుడు ఐఎస్ 3614 ప్రమాణం, ఎన్ని నిమిషాలు నిలుస్తుందన్న ధ్రువీకరణ పలకా రెక్కకు ఉన్నాయో లేవో చూసుకోవాలి. రెక్క ఒకచోట, చట్రం మరోచోట కొంటే ఆ నిమిషాల లెక్క చెల్లదు. చట్రం అంచున వేడికి ఉబ్బి సందులను మూసే పట్టీ ఉంటుంది. రంగు వేసేవాడు దాన్ని గీకి పారేయకుండా చూడాలి. అదనపు భద్రత పేరుతో తర్వాత ఆ రెక్కకు కంతలు పెట్టి గొళ్లెం బిగించడం మరో పొరపాటు. దొంగ భయం ఉంటే, బయటినుంచి పిడి లేకుండా లోపలినుంచి నెడితేనే తెరుచుకునే పానిక్ బార్ ఆ భయాన్ని చాలావరకు తీరుస్తుంది. ఇంటికి గడప మంగళకరమే గానీ ఈ ద్వారానికి వద్దు. పొగలో కాలికి తగిలి ఒకరు పడితే వెనుకవారంతా పడతారు.

మొత్తం భవనానికి ఇలాంటి తలుపులు పెట్టించడం చిన్న వ్యాపారికి భారమే. అన్నిచోట్లా అక్కర్లేదు కూడా. మెట్లకు ఒకటి, వెనుక ఒకటి చాలు. తనంత తానే మూసుకోవాల్సిన ఆ తలుపు సందులో గాలి కోసం చెక్కముక్క దోపడం, పండగ సరుకు అట్టపెట్టెలు దాని ముందే పేర్చడం ఆపాలి. ఈ పనికి మాత్రం పైసా ఖర్చు లేదు.