వెస్ కిరీటం ఎవరి తల మీద?

శ్రీలంక నాట్యం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "అది మొదటినుంచీ మగవాళ్ళ నాట్యమండీ, ఆడవాళ్ళు ఈ వందేళ్ళలోనే వచ్చారు." దక్షిణాసియా స్త్రీల సమావేశాల్లో ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. దీనికి తోకలా ఇంకో మాట కూడా ఉంటుంది: "మన దేవదాసీల్లాంటి దురాచారం అక్కడ లేదు, బౌద్ధం వల్ల అక్కడి స్త్రీ గౌరవంగా బతికింది." చెప్పేవాళ్ళు మన మిత్రులే, మంచి ఉద్దేశంతోనే చెబుతారు. అయినా ఈ రెండు మాటలూ తప్పే. వట్టి తప్పే అయితే సరిదిద్ది ఊరుకోవచ్చు. వీటి మాటున కొందరు స్త్రీలు చరిత్రలోంచి మాయమైపోతున్నారు కాబట్టి ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది.

ముందు నాట్యం సంగతి. సింహళ సంప్రదాయ నాట్యాన్ని మూడు ప్రాంతాల పేర్లతో చెబుతారు. కాండీ చుట్టుపక్కల కొండసీమది ఉడరట, దక్షిణ కోస్తాది పహతరట, రత్నపుర వైపుది సబరగమువ. మూడిటికీ ప్రాణం డోలే. ఉడరటకి గెట బెరయ, పహతరటకి యక్ బెరయ, సబరగమువకి దవుల. డోలు మారితే అడుగు మారుతుంది. ఇవేవీ వేదిక మీద పుట్టినవి కావు. జబ్బు నయం కావడానికి, పంట పండడానికి, దిష్టి పోవడానికి రాత్రంతా జరిగే క్రతువుల్లోంచి వచ్చినవి. మన బైండ్లవాళ్ళ కొలుపులు చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఉడరట నాట్యానికి మూలం కొహొంబ కంకారియ అనే క్రతువు. దాని వెనకున్న కథ వినండి. విజయుడు ఉత్తర భారతం నుంచి ఓడలో లంకకి చేరాడు. అక్కడి యక్షిణి కువేణి అతనికి ఆశ్రయమిచ్చింది, తనవాళ్ళకి ఎదురు తిరిగి రాజ్యం సంపాదించిపెట్టింది, ఇద్దరు పిల్లల్ని కంది. పట్టాభిషేకం దగ్గరికొచ్చేసరికి విజయుడికి క్షత్రియ కన్య కావాల్సొచ్చింది. మదురై నుంచి పాండ్య రాజకుమారిని తెప్పించుకుని కువేణిని వెళ్ళగొట్టాడు. ఆమె తనవాళ్ళ చేతుల్లోనే చచ్చిపోయింది. ఇంతవరకూ మహావంశంలోనే ఉంది. ఆ తరవాతది క్రతువు చెప్పే కథ. కువేణి శాపం చిరుతపులి రూపంలో తరవాతి రాజైన పాండువాసుదేవుణ్ణి పట్టుకుంటుంది. ఆ రోగాన్ని కుదర్చడానికి పువ్వులోంచి పుట్టిన మలయరాజుని సముద్రం దాటించి తీసుకొస్తారు. ఆయన చేసిన క్రతువే మొదటి కంకారియ. నర్తకుడు ధరించే వెస్, అంటే ఆ వెండి కిరీటం, చెవుల ఆభరణాలు, గుండెల మీది పూసల వల, అన్నీ ఆయన వేషమేనని నమ్మకం.

అంటే ఈ నాట్యం మొత్తం ఒక మోసపోయిన ఆడదాని కోపాన్ని చల్లార్చడానికి మొదలైంది. ఆ కోపం న్యాయమైనదని ఒప్పుకునే సమాజం అయితే ఆమెకి న్యాయం చేసేది. ఇక్కడ మగవాళ్ళు కిరీటాలు పెట్టుకుని ఆమె శాపాన్ని రాజుగారి ఒంట్లోంచి దించారు. రోగి రాజు, వైద్యుడు ఇంకో రాజు, రోగం పేరు కువేణి. నాట్యం గురించి పుస్తకాలు రాసినవాళ్ళకి ఇందులో వింత కనిపించకపోవడమే నాకు వింతగా ఉంటుంది.

దక్షిణ కోస్తాకి వెళితే ఇది ఇంకా బాహాటంగా ఉంటుంది. అక్కడి తొవిల్ క్రతువుల్లో దయ్యం పట్టిన మనిషిగా కూర్చునేది చాలాసార్లు ఆడమనిషే. బ్రూస్ కాప్‌ఫెరర్ 1983లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని ప్రత్యేకంగా చర్చించాడు. రట యకుమ అని ఇంకోటి ఉంది. పిల్లలు కలగని స్త్రీల కోసం, గర్భవతుల కోసం చేస్తారు. కడుపు నిలవనివ్వని కాలకుమారుడనే దయ్యాన్ని శాంతింపజేయడం దాని ఉద్దేశం. అందులో మగ నర్తకులు ఆడవేషం కట్టి స్నానం చేసినట్టు, తల దువ్వుకున్నట్టు, నగలు పెట్టుకున్నట్టు, బిడ్డని ఉయ్యాల ఊపినట్టు అభినయిస్తారు. ఎదురుగా నిజమైన ఆడమనిషి నోరు మెదపకుండా కూర్చుని చూస్తుంది. ఆమె జీవితాన్ని ఆమెకే ఆడి చూపిస్తారు. ఆమెని ఆడనివ్వరు, ఎందుకంటే ఆమెకి కిల్ల ఉంది. ముట్టుకి, పురుటికి, చావుకి అంటే మైలని సింహళంలో కిల్ల అంటారు. బిడ్డ కావాలని క్రతువు చేస్తారు, బిడ్డని కనగలిగే శరీరాన్ని మాత్రం మైల అంటారు.

సరే, మొదటి తప్పుమాటకొద్దాం. ఆడవాళ్ళు ఎప్పుడూ ఆడలేదా? 13వ శతాబ్దపు యాపహువ కోట మెట్ల దగ్గర రాతిలో ఆడుతున్న స్త్రీలు ఎవరు? ఎంబెక్కె దేవాలె కొయ్య స్తంభాల మీద నర్తకి ఎవరు? ఇబ్న్ బతూతా 1344లో లంకకి వచ్చినప్పుడు దక్షిణ తీరంలోని దెవినువర గుడిలో దేవుడి ముందు రాత్రిపూట పాడి ఆడే ఐదువందలమంది అమ్మాయిల గురించి రాశాడు. అంకె కాస్త పెంచాడేమో, యాత్రికులకి అది అలవాటే. అమ్మాయిల్నే ఊహించుకుని రాశాడని మాత్రం అనలేం. 15వ శతాబ్దంలో తొటగమువె శ్రీ రాహుల అనే భిక్షువు రాసిన సళలిహిణి సందేశంలో కెలణియ విభీషణాలయంలో ఆడే స్త్రీల వర్ణన ఉంది. రత్నపుర దగ్గరి సమన్ దేవాలెలో దిగ్గె అనే మండపంలో స్త్రీలు చేసే నాట్యం వంశపారంపర్యంగా వచ్చింది. కతరగమలో ఆలత్తి అమ్మలు హారతి పట్టడం ఇప్పటికీ ఉంది. కాండీ ఎసల పెరహెరలో ఐదు ఊరేగింపులు నడిస్తే, ఆడవాళ్ళు ఆడుతూ కనిపించేది చిట్టచివరి దాంట్లో, పత్తిని దేవాలె ఊరేగింపులో. ఈ పత్తిని మరెవరో కాదు, భర్తని అన్యాయంగా చంపినందుకు మదురైని తగలబెట్టిన కన్నగి.

రోడి స్త్రీల్ని కూడా ఈ లెక్కలో చేర్చాలి. రోడీలు సింహళ కులవ్యవస్థలో అందరికంటే కిందికి తోయబడ్డవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళకి పైబట్ట వేసుకునే హక్కు కూడా ఉండేది కాదు. ఇళ్ళముందు పాడుతూ ఆడుతూ, ఇత్తడి పళ్ళేలు తిప్పుతూ అడుక్కునేవాళ్ళు. వాళ్ళది నాట్యం కాదు, అడుక్కోవడం! ఏది నాట్యమో ఏది కాదో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంటే చరిత్ర వాళ్ళు చెప్పినట్టే ఉంటుంది.

ఇక కులం. ఉడరట నాట్యాన్నీ డోలునీ తరతరాలుగా మోసింది బెరవ కులం. బెర అంటే డోలు. కాండీ రాజుల కాలంలో భూమి సాగు చేసుకుంటున్నందుకు గుడికీ రాజుకీ చాకిరీ చేయాలి, దాన్ని రాజకారియ అనేవారు. 1832లో బ్రిటిష్‌వాళ్ళు దాన్ని రద్దు చేశారు గానీ గుడి భూముల మీద చాకిరీ అలాగే ఉండిపోయింది. అంటే పెరహెరలో తళతళలాడే ఆ కిరీటాల వెనక మాన్యం భూమి షరతు ఉంది. బెరవ గురువుల పేర్లు చూడండి: గుణయ, ఉక్కువ, లపయ. చివర ఆ 'య', ఆ 'వ' ఎందుకొచ్చాయో, మన పల్లెల్లో ఎవరి పేరు చివర 'గాడు' చేరుతుందో తెలిసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. 1880ల్లో కార్ల్ హాగెన్‌బెక్ యూరప్ జనానికి చూపించడానికి ఏనుగులతో పాటు సింహళ నర్తకుల్ని కూడా పట్టుకుపోయాడు. 1934లో 'సాంగ్ ఆఫ్ సిలోన్' సినిమా వాళ్ళ నాట్యాన్ని ప్రపంచానికి చూపించింది. అదే సంవత్సరం టాగూర్ తన బృందంతో సిలోన్ వచ్చాడు. అప్పుడు గానీ కొలంబో పెద్దమనుషులకి తమ ఇంటి వెనక డోలు మోగుతోందన్న సంగతి తట్టలేదు.

ఆ తరవాత జరిగింది మనకి బాగా తెలిసిన కథే. మిరియం డి సారం, చంద్రలేఖ లాంటి చదువుకున్న స్త్రీలు కాండీ నాట్యం నేర్చుకుని వేదిక ఎక్కారు. చిత్రసేన బెరవ గురువుల దగ్గర నేర్చుకున్నదాన్ని నృత్యనాటకంగా మలిచాడు. ఆయన భార్య వజిర ఆడవాళ్ళ ఒంటికి తగిన శైలిని రూపొందించింది. ఆ కృషి సామాన్యమైంది కాదు. 2020లో భారత ప్రభుత్వం ఆమెకి పద్మశ్రీ ప్రకటిస్తే నేనూ సంతోషించాను. కానీ మన స్త్రీవాద పత్రికల్లో ఆమె కథని చెప్పే తీరు చూస్తే కోపం వస్తుంది. "మగకోటలోకి అడుగుపెట్టిన తొలి మహిళ" అని రాసి చేతులు దులుపుకుంటారు. ఏ కోట? ఎవరు కట్టారు? అందులో ఉన్న మగవాళ్ళని ఊళ్ళో ఏ పీట మీద కూర్చోబెట్టేవాళ్ళు?

1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషని చేసిన రాజ్యానికి ఒక జాతి గుర్తు కావాల్సొచ్చింది. కాండీ నాట్యం చేతికి అందింది. బళ్ళో పాఠ్యాంశమైంది, విమానాశ్రయంలో స్వాగతమైంది, హోటల్లో భోజనం ముందు గంట ప్రదర్శన అయింది. అందులో పని పంపకం చూడండి. వెస్, నిప్పుల మీద నడక, గాలిలో గిరికీలు మగవాళ్ళకి. పూజా నృత్యం, నెమలి, చేటలు, కుండలు ఆడపిల్లలకి. మర్యాదస్థుల ఇళ్ళ పిల్లలు రావాలంటే నాట్యం మెత్తబడాలి, మెత్తబడ్డాక "ఆడవాళ్ళకి ఇంతే చేతనవుతుంది" అనాలి. తమిళ ప్రజల మీద 1983 నుంచి 2009 దాకా యుద్ధం నడిచిన సంవత్సరాల్లోనూ ఈ నాట్యమే జాతి అంటే సింహళమేనని చాటే బొమ్మగా నిలబడింది. పత్తిని కన్నగి అనీ, పాండ్య కన్య మదురై నుంచి వచ్చిందనీ, 1739 నుంచి 1815 దాకా కాండీని ఏలింది మదురై తెలుగు నాయకుల బంధువర్గమేననీ ఎవరికి గుర్తుంది? అన్నట్టు అదే దేశంలో అహికుంటకులనే పాములవాళ్ళు ఈరోజుకీ ఇళ్ళలో తెలుగు మాట్లాడుకుంటారు. వాళ్ళ ఆడవాళ్ళు చెయ్యి చూసి జోస్యం చెబుతారు. వాళ్ళ సంస్కృతికి ఏ వేదికా లేదు.

ఇదంతా పరాయి దేశం గొడవ అనుకుంటే పొరపాటు. మన దగ్గర కళ కలావంతుల స్త్రీల చేతిలో ఉండేది. 1947 మద్రాసు చట్టంతో గుడి తలుపులు మూశాం, 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేశాం. ఆ చట్టాలు అవసరమే. కానీ ఆ ఆడవాళ్ళ దగ్గరున్న విద్యని ఏం చేశాం? మరోపక్క మగవాళ్ళే ఆడవేషం కట్టిన కూచిపూడి శాస్త్రీయమైంది, తరవాత మధ్యతరగతి అమ్మాయిలతో నిండిపోయింది. లంకలో కింది కులపు మగవాడి దగ్గర్నుంచి, ఇక్కడ కింది కులపు ఆడమనిషి దగ్గర్నుంచి కళ చేతులు మారింది. రెండుచోట్లా అది చేరింది మర్యాదస్థుల ఇళ్ళకే. బెరవ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల సంగతి ఏ పక్షమూ అడగలేదు. తండ్రి దగ్గర వెస్ కట్టించుకునే హక్కు తమ్ముడిది. బళ్ళో నాట్యం టీచరు ఉద్యోగం సర్టిఫికెట్ ఉన్న ఇంకో కులపు అమ్మాయిది. ఆమెకి వారసత్వంగా వచ్చింది కులం పేరొక్కటే.

కాబట్టి "ఆడవాళ్ళకి కూడా వెస్ కట్టండి" అనే డిమాండుతో నాకు పేచీ లేదు, అది చాలదనే నా వాదన. గుడి భూమి మీద సేవకి బదులుగా ఏం ముడుతోంది, ఎవరి పేరున ముడుతోంది? ప్రభుత్వ కళాశాలల్లో సీట్లలో బెరవ ఇళ్ళ ఆడపిల్లలెందరు? హోటల్ ప్రదర్శనలో ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఒకే కూలి ఉందా? లంకలోని మన సోదర సంఘాలతో కలిసి పనిచేసేవాళ్ళు వచ్చే ఏడాది ప్రణాళికలో ఈ ప్రశ్నలు పెట్టాలి.

మన ఇంటి సంగతి కూడా ఒకటుంది. కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాంతీయ సదస్సుకి వెళ్ళాను. హింస మీద, పని హక్కుల మీద మూడు రోజుల చర్చ. ప్రారంభోత్సవంలో మంత్రిగారు వస్తుంటే పదేళ్ళ ఆడపిల్లలు పళ్ళేల్లో పూలు పట్టుకుని ఆయన ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ ఆడారు. పిల్లలు రెండు గంటలు ఎండలో నిలబడ్డారు. కార్యక్రమం పత్రంలో "సంప్రదాయ నృత్యం" అని ఉంది. పిల్లల పేర్లు లేవు, నేర్పినవాళ్ళ పేరు లేదు, డోలు కొట్టిన ముసలాయన పేరు అసలే లేదు. మార్చి 8కి మనం కూడా బృందాల్ని పిలుస్తాం. ఈసారి డోలు కొట్టేవాళ్ళతో సహా అందరి పేర్లూ కరపత్రంలో వేద్దాం, అందరికీ కూలి కడదాం, అతిథులకి ఎదురెళ్ళే పని పిల్లల చేత మానిపిద్దాం.