రెండో శిక్షకుడు ఏడీ?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఫుట్‌బాల్ జట్టు బాగా గెలిస్తే కొత్త సహాయ శిక్షకుల వేట మొదలవుతుంది. ప్రధాన శిక్షకుని కింద పలువురు ఉంటారు. (వారి ఫుట్‌బాల్‌లో కాలి కంటె చేతికే పని ఎక్కువ, అది వేరే సంగతి.) మన డిగ్రీ కళాశాలల్లో సాధారణంగా ఫిజికల్ డైరెక్టరు ఒక్కరే. కబడ్డీకీ ఆయనే, పరుగు పందాలకూ ఆయనే. ఆయనకు బదిలీ అయితే జట్టు చెదిరినట్టే.

ఈ లోటు ఎంతటిదో హైదరాబాదు చవిచూసింది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు నాల్గవ స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం దక్కాయి. 1963లో ఆయన కన్నుమూశారు. ఆ స్వర్ణం మళ్ళీ మన ముఖం చూడలేదు. కారణాలు అనేకం. ఆయన పనిని అందుకొనే మనిషిని తయారు చేసుకోకపోవడం వాటిలో చిన్నదేమీ కాదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కళాశాలలు పాత క్రీడాకారుల్లో ఊరికొకరిని ఎంపిక చేసి, పాటియాలా జాతీయ క్రీడా సంస్థ నడిపే ఆరు వారాల కోర్సుకు పంపవచ్చు. తిరిగి వచ్చాక గౌరవ వేతనమిచ్చి సాయంత్రాలు మైదానం అప్పగించాలి. ఖర్చు యాజమాన్యాలు భరించాలి. వచ్చే ఏడాది ప్రవేశాలకు ముందే ప్రిన్సిపాళ్ళు ఒకచోట కూర్చోవడం అవసరం.