సదస్సు గేటు దాటాలి

ఇంట్లో బియ్యం బస్తా ఉంటే దాని మీద ఏం రాసుందో ఒకసారి చూడండి. సాంబ మసూరి అని ఉందా? దాని అసలు పేరు బీపీటీ 5204. మన రైతులు 'బీపీటీ' అనే అంటారు. ఆ మూడు అక్షరాలూ ఏమిటో తెలుసా? బాపట్ల! 1986లో అక్కడి వ్యవసాయ శాస్త్రవేత్తలు మనకిచ్చిన వరి వంగడం అది.

మాది వాడరేవు. బాపట్ల వ్యవసాయ కాలేజీలో ఏదైనా సదస్సు జరిగిందంటే, సాయంత్రానికి కొందరు మెడలో బ్యాడ్జీలతోనే సూర్యలంకకో, మా తీరానికో వచ్చేస్తారు. కాసేపు అలలు, నాలుగు సెల్ఫీలు, వేయించిన చేప, తర్వాత తిరుగు రైలు. అందులో తప్పేం లేదు. కానీ వాళ్లు రెండు రోజులు కూర్చున్న ఊరి కథ కూడా తెలిస్తే బాగుంటుంది కదా!

భావనారాయణస్వామి కొలువున్న భావపురే వాడుకలో బాపట్ల అయిందంటారు. వ్యవసాయ కాలేజీ 1945లో వచ్చింది. అంతకు ముప్పై ఏళ్ల ముందే ఈ ఊళ్లో ఒక పెద్ద సదస్సు జరిగింది. 1913లో, మొదటి ఆంధ్ర మహాసభ. అధ్యక్షులు బి.ఎన్.శర్మ. అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలన్న మాట ఆ సభలో గట్టిగానే వినిపించింది.

అయితే అందరూ ఒక్క మాట మీదకు రాలేదు. రాయలసీమ, నెల్లూరు వైపు వాళ్లకు సందేహాలున్నాయి. అప్పుడేం చేశారు? ఓట్లు లెక్కపెట్టుకుని, చప్పట్లు కొట్టుకుని ఇళ్లకు వెళ్లిపోలేదు. గుంటూరు నాయకుడు కొండా వెంకటప్పయ్య లాంటివాళ్లు సందేహాలున్న జిల్లాలకే వెళ్లారు. ఎదురుగా కూర్చుని మాట్లాడారు. ఆ తర్వాత ఎన్నో సభలు, పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం. చివరికి 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. బాపట్లలో మొదలైన మాటకు నలభై ఏళ్లు పట్టింది.

నాకు అర్థమైంది ఒక్కటే. సదస్సు అసలు పని అది ముగిశాకే మొదలవుతుంది. ఆ సభ గేటు దాటి జనంలోకి వెళ్లింది. బీపీటీ కూడా అంతే. ప్రయోగ మడిలోనే ఉండిపోతే అదొక నంబరు. రైతు పొలానికి చేరింది కాబట్టి మన కంచంలో అన్నమైంది.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. 2021లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. పూలల్లో దాక్కునే పురుగది. ఎడాపెడా మందులు కొడితే దాన్ని తినే మిత్ర పురుగులే ముందు చస్తాయి. నీలిరంగు జిగురు అట్టలు పెట్టుకోమని శాస్త్రవేత్తలు చెబుతారు. కానీ పురుగు పడిన రోజున రైతు మొదట పరుగెత్తేది పురుగుమందుల కొట్టుకే. కొట్టువాడు చేతికిచ్చిన డబ్బానే పిచికారీ చేస్తాడు. అదే పురుగు మీద పీపీటీలు మాత్రం ఏసీ హాల్లో, ఇంగ్లీషులో నడుస్తుంటాయి. ఏ క్యాంపస్‌లో చూసినా ఇదే తీరు. మిరప మీద సదస్సులో మిరప రైతే కనపడడు!

బాపట్ల కాలేజీ ఇప్పుడు ఆచార్య ఎన్.జి.రంగా పేరున్న విశ్వవిద్యాలయంలో భాగం. రంగాగారిది ఇక్కడికి దగ్గర్లోని నిడుబ్రోలే. 1930ల్లోనే ఆయన సొంతూళ్లో రైతుల కోసం విద్యాలయం పెట్టారు. రైతుకు అర్థమయ్యేలా చెప్పడం అన్నది ఈ నేలకు కొత్తేం కాదు.

అగ్రికల్చర్ బీఎస్సీ, ఎమ్మెస్సీ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి సదస్సులో పేపర్ చదివాక ఒక పని చేయండి. అదే విషయాన్ని రెండు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా, మీ అమ్మమ్మకు చెప్పినంత తేలిగ్గా, తెలుగులో చెప్పి మీ ఊరి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. 'ఒరే అబ్బాయ్, మరి మా చేనుకైతే ఎట్టా?' అని ఒక్క పెద్దాయన తిరిగి అడిగాడనుకోండి, మీ సదస్సు గేటు దాటినట్టే.