ఇసుక గుంత దగ్గర పాఠం

గాల్లోకి వస్తువును 45 డిగ్రీల కోణంలో విసిరితే అన్నింటికన్నా ఎక్కువ దూరం పోతుందని ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం చెబుతుంది. గద్వాలలోనో వనపర్తిలోనో లాంగ్‌జంప్ నేర్చుకునే పిల్లకు ఆ లెక్క అలాగే అప్పజెబితే నష్టమే. మేటి జంపర్లు నేల వదిలే కోణం 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. పరుగులో కూడగట్టిన వేగమే వాళ్ల పెట్టుబడి. మరీ నిటారుగా ఎగరబోతే అది ఆ ఒక్క అడుగులోనే కరిగిపోతుంది. అందుకే "ఇంకా పైకి ఎగురమ్మా" అని పక్కనుంచి కేకేసే బదులు చివరి రెండు అంగలు చూడండి, పీఈటీ సార్లూ: చివరిదానికి ముందుది కాస్త పొడుగు, చివరిది పొట్టి. సెల్‌ఫోన్‌లో స్లోమోషన్ తీసి చూపిస్తే నాగర్‌కర్నూల్ పల్లెబడి పిల్లకైనా ఇట్టే అర్థమవుతుంది. వ్యాయామ ఉపాధ్యాయులు చదివే బీపీఈడీలో ఈ కదలికల శాస్త్రం చెప్పే కైనిసియాలజీ, బయోమెకానిక్స్ పేపరు ఉంది. అది పరీక్ష హాల్లోనే ఆగిపోకూడదన్నదే నా తపన. ఈ నేలకు ఆ శాస్త్రం కొత్తేమీ కాదు. ఊరూరా ప్రాజెక్టులకు మట్టి మోసిన పాలమూరు కూలీ తట్టను నెత్తిమీద వెన్నుకు నేరుగా నిలిపేది, బరువు పక్కకు ఒరిగితే నడుము పట్టేస్తుందని ఒంటికి తెలుసు కాబట్టి. కబడ్డీలో కూతకెళ్లినవాడు మోకాళ్లు వంచి, నడుము దించి కదలడం కూడా గరిమనాభిని కిందికి తెచ్చుకోవడమే. ఆ మాట పిల్లాడికి మైదానంలోనే చెప్పాలి, కూత ముగించి వచ్చి ఆయాసం తీర్చుకుంటుండగా.