చవకగా దొరికిన దర్వాజ

అమెరికాలో స్థిరపడిన మిత్రుడొకరు ఏటా వేసవిలో నాకొక విజయగాథ వినిపిస్తారు. శనివారం ఉదయాన్నే వీధులన్నీ తిరిగి, కారు షెడ్ల ముందు పరచిన పాత సామానులోంచి ఏరి, ఓక్ కర్ర బల్లను పది డాలర్లకూ, ఇంకా చక్కగా నడిచే కుట్టు మిషనును పదిహేనుకూ కొని తెచ్చుకున్న కథ. గరాజ్ సేల్ అంటారట దాన్ని. ఆ సంబరంతో నాకు పేచీ లేదు. అక్కడ అమ్మేవాడు తన వాకిట్లో తానే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఏది అమ్మాలో, ఏది దాచుకోవాలో ముందే తేల్చుకుని ఉంటాడు. పొద్దుగూకేసరికి ఏదైనా మిగిలితే తిరిగి లోపలికి మోసుకుపోతాడు. అమ్ముడుపోకపోతే లోపలికి తీసుకుపోగలగడం అన్న ఆ ఒక్క హక్కు ఉన్నంతవరకే బేరం బేరమవుతుంది.

ఆ మిత్రులే మొన్న ఫోన్ చేసి, హైదరాబాదు శివార్లలో ఇల్లు కట్టిస్తున్నామనీ, "మీ కరీంనగర్ వైపు మునిగిన ఊళ్ల టేకు దర్వాజలు కారుచౌకగా దొరుకుతాయట కదా, ఎక్కడైనా మిగిలాయేమో చూడండి" అనీ అడిగారు. గరాజ్ సేల్‌నూ దీన్నీ ఆయన ఒకే గాటన కట్టారు. ఆయన ఒక్కరే కాదు, పాత ఇళ్ల కలపతో కొత్త ఇళ్లకు అందం తెచ్చుకుంటున్న పెద్దమనుషులందరూ అలాగే కడుతున్నారు. కనుక ఈ నాలుగు మాటలూ.

పాత సామాను కొనడం మాకు కొత్త కాదు. అంగడి రోజున నేలమీద గోనెపట్టా పరిచి పాత తాళాలు, నాగళ్ల కర్రులు, సైకిల్ చైన్లు అమ్మేవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లమే. పాత ఇనుప సామానుకు ఉల్లిగడ్డలిస్తామంటూ గల్లీలోకి వచ్చేవాడితో మా అమ్మ అరగంట వాదించేది. వాడు తూకంలో మోసం చేస్తాడని ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని వాడికీ తెలుసు. కుదరకపోతే విరిగిన బొక్కెన మళ్లీ దొడ్లోకి పోయేది. అది సమ ఉజ్జీల వ్యవహారం. ఆదిలాబాదు అడవుల్లో, జైనూరు మండలం ఉషేగాంలో, గోండుల దేవతామూర్తులను పోతపోసే ఓజాలు పాత ఇత్తడిని కరిగించి, మైనం కరిగిపోయిన మట్టి అచ్చుల్లో పోసి కొత్త రూపమిస్తారు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆదిలాబాద్ డోక్రా అదే. పాత లోహానికి అంతకంటే గౌరవమైన పునర్జన్మ ఉంటుందా?

మునిగిన ఊరి దర్వాజ సంగతి వేరు. దిగువ మానేరు ఆనకట్ట 1985లో పూర్తయింది. ఆ తర్వాత గోదావరి మీద ఇరవై టీఎంసీల ఎల్లంపల్లి వచ్చింది. అటు కరీంనగర్ ఒడ్డున మూర్మూరు, ఇటు ఆదిలాబాదు ఒడ్డున కర్ణమామిడి, పడ్తనపల్లి వంటి ఊళ్లు పోయాయి. ఆ పైన మాన్వాడ దగ్గర పాతిక టీఎంసీలకు మించిన మధ్య మానేరు. 2016 సెప్టెంబరు వరదకు దాని అసంపూర్తి కట్ట తెగింది, 2019లో జలాశయం నిండింది. అనుపురం, రుద్రారం, కొదురుపాక, చింతల్‌ఠాణా, చీర్లవంచ, సంకెపల్లి, నీలోజిపల్లి, వరదవెల్లి... ఈ పేర్లు ఇప్పుడు పునరావాస కాలనీల బోర్డుల మీద మిగిలాయి.

ఈ ఊళ్లలో కాస్త కలిగిన ఇళ్లన్నీ టేకు ఇళ్లే. ఆదిలాబాదు అడవి దగ్గరే కనుక తాతల కాలంలో కలపకు కరువు లేదు. నడిమధ్య భవంతి, చుట్టూ స్తంభాలు, గూనపెంక, లోపల అర్రలు. దర్వాజ ఎత్తిన రోజు ఇంటికి పండుగ. నవధాన్యాలు మూటగట్టి, పసుపు కుంకుమలు పెట్టి, వడ్రంగికి బట్టలు పెట్టేవారు. ఆ దర్వాజలో గడప కూడా భాగమే అన్న సంగతి కొనేవాళ్లు సాధారణంగా మరిచిపోతారు. ఏ గడప తొక్కితే తల్లులు పిల్లల్ని మందలించేవారో, ఆ గడపే లారీలో అడ్డంగా పడుకుని పోయింది.

ధర ఎలా తేలుతుందో చూడండి. కట్టడాల విలువ కట్టే ఇంజనీర్ల లెక్కలో తరుగు అనే మాట ఒకటుంది. ఇల్లు ఎంత పాతదైతే విలువ అంత తగ్గుతుంది. అదే దర్వాజ పట్నంలో పాత కలప దుకాణానికి చేరగానే లెక్క తలకిందులవుతుంది, ఎంత పాతదైతే అంత ప్రియం. నూరేళ్ల వయసు ఒక కాగితం మీద లోపం, ఇంకో కాగితం మీద అలంకారం. ఈ రెండు కాగితాల నడుమ నలిగినవాడు ఇంటి యజమాని. దర్వాజను గోడలోంచి చెదరకుండా తీయాలంటే పనితనం తెలిసిన వడ్రంగి కావాలి, ఊరంతా ఒకేసారి ఖాళీ అవుతుంటే వాడు దొరకడు. టేకును తరలించాలంటే అటవీశాఖ అనుమతిపత్రం కావాలి, చెక్‌పోస్టు భయం. కాలనీలో ఇచ్చిన జాగాలో భవంతి పట్టదు, అంత పెద్ద దర్వాజ నిలిపే గోడే ఉండదు. వెనక నీళ్లు వస్తున్నాయి. అప్పుడొస్తాడు దళారి, చేతిలో టేపు, జేబులో నగదు. స్తంభాలు, దూలాలు, వాసాలు, తలుపులు అన్నీ కలిపి గుత్తకు ఒకే మాట చెబుతాడు. దాన్ని బేరమని ఎవరైనా అంటే, ఆ మాటకు నిఘంటువులో ఇంకో అర్థం రాసుకోవాలి.

"మేం కొనకపోతే నీళ్లపాలయ్యేది కదా" అన్నది మొదటి సమాధానం. నిజమే. నీళ్లపాలవుతుంది కనుకే మీకు ఆ ధరకు దక్కింది. కొట్టుకుపోతున్నవాడికి చెయ్యందిస్తూ, పైకి లాగేముందు వాడి ఉంగరం ఖరీదు మాట్లాడుకున్నట్టుంది ఈ వాదన. "అడిగినంత ఇచ్చాం" అన్నది రెండోది. ఎవరు అడిగినంత? దళారి అడిగినంత. ఇల్లు విడిచినవాడు ఎంత అడిగాడో మీకు తెలియదు, తెలుసుకోవాలనుకోలేదు. "వాళ్లకు నష్టపరిహారం వచ్చింది కదా" అన్నది మూడోది, నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది. ఇంటికి 5.04 లక్షలు ఇస్తామని 2015లో అప్పటి ముఖ్యమంత్రి వేములవాడలో ప్రకటించారు. ఆ మాట కోసం నిర్వాసితులు ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. 2024లో మరో ప్రభుత్వం వచ్చాక ఇందిరమ్మ ఇళ్ల మంజూరు మాట వినిపించింది. తొమ్మిదేళ్లు నడుమ. ఆ తొమ్మిదేళ్లలో పిల్ల పెళ్లికో, ఆస్పత్రికో, సగంలో ఆగిన గోడకో దేన్ని అమ్ముకుని ఉంటారు?

ఇదంతా ఒడ్డున నిలబడి చెబుతున్నానని అనుకోకండి. 2017లో నేనూ ఒకటి కొన్నాను. పైపట్టీ మీద పద్మాలు, చిలకలు చెక్కిన జంట తలుపుల దర్వాజ, ఆరువేలు. ఇంటికి తెచ్చి మట్టి కడిగి నూనె రాస్తుంటే గర్వంతో ఒళ్లు పొంగింది. చూడవచ్చిన ప్రతివారికీ మొదట ధర చెప్పాను, తర్వాతే పద్మాలు చూపించాను. "ఏ ఊరిదండీ?" అని ఒక ముసలాయన అడిగేదాకా ఆ ప్రశ్న నాకు తోచలేదు. అమ్మినవాణ్ణి అడిగితే "అటు దిక్కు ఊళ్లయే సార్, ఏదైతేనేం" అన్నాడు.

మిత్రులారా, కొనవద్దని నేననడం లేదు. మంచి టేకు పొయ్యిలోకి పోవడం నేనూ చూడలేను. కానీ కొంటే ఇంటివాడి దగ్గర కొనండి, అతని పేరూ ఊరూ అడగండి. పట్నం దుకాణంలో దానికి ఎంత పెడతారో అందులోంచి కూలీ, బాడుగ తీసి మిగతాది అతని చేతిలో పెట్టండి. అప్పుడది చవక కాదంటారా? కాదు. అది మీకు చవక కావలసిన అవసరం ఏమొచ్చింది? ఇల్లు కట్టిస్తున్నవారు మీరు. దళారి దగ్గరే దొరికిందా, కనీసం ఊరి పేరు రాబట్టి తలుపు వెనక రాయించండి. అదీ చేతకాకపోతే దాన్ని కొన్న ధరను నలుగురిలో చెప్పుకోకండి.

ఎండాకాలం జలాశయం వెనక్కి తగ్గినప్పుడు మొండిగోడలు బయటపడతాయి. కాలనీల నుంచి జనం వెళ్లి, ఇది మా ఇల్లు, ఇది మా బావి అని పిల్లలకు చూపిస్తారు. మా దర్వాజకు కుడి తలుపు మీద, గొళ్లెం కింద, బొటనవేలు సరిగ్గా పట్టేంత గుంట ఉంది. తరాల పాటు ఎవరి వేళ్లో అరగదీసిన గుంట. రెండేళ్లుగా ఆ తలుపు ఫొటో పట్టుకుని నాలుగు కాలనీలు తిరిగాను. ఇంకా ఎవరూ తమదని చెప్పలేదు. మీకు ఇంకో దర్వాజ వెతికిపెట్టడం నావల్ల కాదు.