గర్భవతుల స్కానింగును గురించి కలిదిండి మండల వాస్తవ్యులకు విజ్ఞప్తి

కొల్లేటికి దక్షిణమున, వరిచేలకంటె చేపల చెరువులే అధికముగా కానవచ్చు మన ప్రాంతమునందు, ఒక గర్భవతికి స్కానింగు తీయింపవలెనన్న, మేతబస్తాల లారీలు తొక్కి గోతులు చేసిన గట్లమీదుగా ఆటోలో పోయి, ఆపైన బస్సెక్కి, కైకలూరికో భీమవరమునకో ఏలూరికో చేరవలసివచ్చుట మనము తరచు చూచుచున్నదే. ఆమె కూలియు, తోడు వచ్చు అత్తగారి కూలియు ఆనాటికి పోవును. ఇక రేపుమాపని వాయిదా వేయుటలో ఆశ్చర్యమేమున్నది?

ఇంటికి వచ్చిన ఏ.ఎన్.ఎం. "ఆఖరిసారి బహిష్టు ఎప్పుడైనావమ్మా?" అని అడుగును. "వినాయకచవితికి ముందరండీ, వారమో పదిరోజులో" అను సమాధానమే పురుటి తేదీకి ఆధారమగును. పిదప పొట్టమీద టేపు పెట్టి కొలుచును. ఆ విద్య తీసివేయదగినది కాదు; అనుభవముగల చేయి చాల సంగతులు కనిపెట్టగలదు. కాని గర్భద్వారమున కడ్డముగా మాయ పడియున్నచో ఆ టేపునకు తెలియదు. తెలియునప్పటికి రక్తస్రావము మొదలై యుండును. కనుకనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, 24 వారములు నిండకమునుపే ప్రతి గర్భవతికిని ఒక స్కానింగు జరుగవలెనని 2016లో సూచించినది. 1958లో గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డోనాల్డ్ లోకమునకు వెల్లడించిన ఈ విద్య, నేడు అరచేత ఇముడు యంత్రమై బ్యాటరీతో నడచుచున్నది.

అట్లని, చెరువుల ఆసాములలో ఉదారులైనవారు, గుడికి గంట సమర్పించినట్లు, ఒక యంత్రమును కొని ఊరికి ఇచ్చివేయరాదు. ఆడశిశువులను కడుపులోనే కడతేర్చిన పాపము మన సమాజమునదే గనుక, 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టము ఈ యంత్రములను కట్టడి చేసినది. రిజిస్ట్రేషను లేక వాడినచో మూడేండ్ల వరకు కారాగారము. ఆ కట్టడి సడలవలెనని నేను కోరను. 2012లో చేర్చిన నిబంధన, రిజిస్టరైన ఆసుపత్రిలో చేరిన రోగులకును, ఇతర వైద్యసేవలతోకూడిన సంచార వైద్యవాహనమునందును చిన్న యంత్రమును వాడుటకు అనుమతించుచున్నది. పల్లెలకు వచ్చు 104 వాహనము ఆ రెండవ మార్గమునకు తగినదని నా అభిప్రాయము. యంత్రము పట్టుటకు అర్హతగల వైద్యుడు కావలెను, ఎం.బి.బి.ఎస్. వైద్యులకు 2014 నాటి నియమములు ఆరునెలల శిక్షణను ఏర్పరచినవి.

ఇంకొక సంగతి దాచరాదు. కాంగో, గ్వాటెమాలా, కెన్యా, పాకిస్తాన్, జాంబియా దేశముల పల్లెలలో ఇట్టి యంత్రములను ఉంచి చేసిన పెద్ద పరిశీలన ఫలితములు 2018లో వెలువడినవి. తల్లుల మరణములుగాని శిశువుల మరణములుగాని అందువలన తగ్గలేదు. చిక్కు కనబడినంతమాత్రమున తీరునా? కావున, గ్రామసభలలో మీరు చేయు తీర్మానమునందు యంత్రమును, శిక్షితుడైన వైద్యుని కోరుటతో ఆగక, అపాయము తేలినవారిని ఆపరేషను సౌకర్యమును రక్తమును ఉన్న ఆసుపత్రికి చేర్చు వాహనమునుకూడ కోరి, ప్రతిని జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి పంపుడని ప్రార్థించుచున్నాను. డ్వాక్రా సంఘముల సోదరీమణులు పూనుకొన్నచో ఈ పని త్వరగా నెరవేరును.

అది నెరవేరులోపల ఆసాములు చేయగలది ఒకటి కలదు. 2016 నుండి ప్రతినెల 9వ తేదీని ప్రభుత్వాసుపత్రులలో గర్భవతులకు ఉచితపరీక్షలు జరుగుచున్నవి. ఆనాడు తమ చెరువులపై పనిచేయు గర్భవతికి, ఆమె తోడు పోవువారికి కూలి కోయక సెలవిచ్చి, రానుపోను ఆటో బాడుగ భరింపవలెను.