ఆర్‌సీఎం అనే మూడక్షరాల వెనక ఒక కొండ

విజయనగరం, శ్రీకాకుళం వైపు తిరిగేవాళ్లకి ‘ఆర్‌సీఎం’ బోర్డు కొత్త కాదు. ఆర్‌సీఎం స్కూలు, ఆర్‌సీఎం చర్చి... కానీ ఆ మూడక్షరాలకి అర్థమేంటని అడిగితే చాలామంది తల గోక్కుంటారు. రోమన్ కేథలిక్ మిషన్. అది మన దగ్గరికి ఎలా వచ్చిందో ఈ వారం చెప్పుకుందాం.

దీనికి వైజాగ్ వెళ్లాలి. ఓల్డ్ టౌన్‌లో, పోర్టు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద మరియమాత చర్చి. ఫోన్‌లో రాస్ హిల్ అని కొడితే దొరుకుతుంది. 1864లో రాస్ అనే దొర అక్కడ ఇల్లు కట్టుకున్నాడని, తర్వాత అదే ప్రార్థన మందిరం అయిందని చెబుతారు. కింద కనిపించే పోర్టు ప్రారంభమైంది 1933లో. ఆ దొర ఇల్లు కట్టినప్పుడు అక్కడ క్రేన్లూ లేవు, కంటైనర్లూ లేవు.

కొండ మీద చర్చి కంటే ముందే ఫాదర్లు వచ్చారు. 1846లో విశాఖ చేరారు. ‘ఫ్రెంచ్ ఫాదర్లు’ అనేస్తాం గానీ, వాళ్లు బయల్దేరిన అన్సీ ఊరు అప్పటికి ఫ్రాన్సులోనే లేదు. అది సవాయ్ ప్రాంతం, ఆల్ప్స్ పర్వతాల మధ్య ఉంటుంది. ఫ్రాన్సులో కలిసింది 1860లో. సూయజ్ కాలువ తెరుచుకుంది 1869లో. అంటే ఆ దారి కూడా లేని రోజుల్లో, మంచు పడే ఊరి నుంచి మన ఉక్కపోతలోకి దిగారు. వాళ్ల సంఘానికి పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు పెట్టుకున్నారు. జర్నలిస్టులకి ఆయనే పాలక పునీతుడట. వారం వారం రాసే నాకు ఆయన మీద కాస్త అభిమానం ఉండటంలో తప్పు లేదు కదా!

1850లో విశాఖ ఆ మిషన్‌కి కేంద్రం అయింది. 1886లో మేత్రాసనం, అంటే బిషప్ గారి పరిధి, ఏర్పడింది. అది ఎంత పెద్దదంటే నాగపూర్ కూడా అందులోనే! ఉమ్మడి కుటుంబం వేరుపడినట్టు 1887లో నాగపూర్, 1928లో కటక్ బయటికొచ్చాయి. 1993 జులై 1న శ్రీకాకుళం వంతు వచ్చింది. మన పల్లెల్లోని ఆర్‌సీఎం చర్చిలు ఆ పెద్దింటి వాటాలే.

ఇక్కడిదాకా బిషప్‌లు, తేదీలు. నన్ను పట్టుకున్న సంగతి వేరే ఉంది. 1960ల దాకా దివ్యపూజ లాటిన్‌లోనే జరిగేది. రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాతే జనం భాషలు పూజలోకి వచ్చాయి. అంటే వందేళ్లకి పైగా మనవాళ్లు ఒక్క ముక్క అర్థంకాని ప్రార్థన దగ్గర మోకరిల్లారు. అయినా ఆ చర్చికి వాళ్లు పెట్టుకున్న పేరు చూడండి: కొండ గుడి. రాస్ దొర పేరు మ్యాపుల్లో మిగిలింది, నోట్లో మాత్రం ‘గుడి’ నిలిచింది. డిసెంబర్ 8న మరియమాత పండక్కి మెట్లెక్కే వాళ్లలో అన్ని మతాల వాళ్లూ ఉంటారు.

ఆ జనం పేర్లు ఎక్కడున్నాయి? కోటల మీద రాజుల పేర్లుంటాయి. కూలీలు, వంటవాళ్లు, పల్లెల నుంచి నడిచొచ్చినవాళ్ల పేర్లు శాసనాల్లో ఉండవు. చర్చి రిజిస్టర్లలో ఉంటాయి. బిడ్డకి జ్ఞానస్నానం ఇస్తే తేదీ, తల్లిదండ్రుల పేర్లు రాయడం కేథలిక్ చర్చిల్లో వందల ఏళ్ల పద్ధతి. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకు ముందు పుట్టిన ఎందరో పేదవాళ్లకి, వాళ్లు పుట్టారని చెప్పే కాగితం ఆ పుస్తకం ఒక్కటే అయ్యుండొచ్చు. మన సముద్రపు గాలికి, చెదలకి ఆ కాగితం ఎన్నాళ్లు ఆగుతుంది?

ఇంకో చిక్కుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, దళిత కుటుంబం క్రైస్తవంలోకి వెళ్తే ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఆ హోదా దక్కేలా మార్చారు. క్రైస్తవులకి మార్చలేదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు. అందుకే కొందరికి చర్చిలో ఒక పేరు, స్కూలు సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. తాతల చరిత్ర చెప్పే పేజీయే మనవడి సీటుకి అడ్డం అవుతుందేమోనని భయం. ఆ భయంతోనే చాలా కథలు ఇంటి గడప దాటవు.

కాబట్టి పాత రిజిస్టర్ కనబడగానే రీల్ తీసి పెట్టేయకండి. మీ ఇంటివాళ్ల పేజీ ఉంటే విచారణ గురువుని అడిగి, ఒప్పుకుంటే ఒక్క ఫొటో తీసుకుని ఇంట్లో దాచుకోండి. అంతకంటే ముందు మీ నానమ్మ దగ్గర కూర్చోండి. చిన్నప్పుడు పూజ ఏ భాషలో విన్నారు, కొండ గుడికి ఎలా వెళ్లేవారు, మీ తాతకి ఆ పేరు ఎవరు పెట్టారు? ఈ మూడూ అడగండి. ఫోన్‌లో రికార్డర్ నొక్కడం మర్చిపోకండి. రిజిస్టర్‌కి నకలు తీయొచ్చు, నానమ్మకి తీయలేం.